రెండు బడుల పిల్ల

మా అక్క ఎస్తేరు జ్ఞాపకార్థ కూడికకు ఊరికి వెళ్తూ కోవూరులో బస్సు మారడానికి దిగాను. ఎండ గట్టిగా ఉంది. నీడ కోసం చూస్తే సెంటర్లో ఉన్న నీడంతా ఒక ఫ్లెక్సీదే. ఒక ప్రైవేటు బడి వాళ్ళు కట్టింది. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లల ఫొటోలు అంచుల వెంట చిన్నగా ఉన్నాయి. నడుమ, వాళ్ళందరినీ కలిపినా సరిపోనంత పెద్దగా, కరస్పాండెంటు గారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. తెలియనివాళ్ళు చూస్తే పరీక్ష ఆయనే రాశారనుకుంటారు. ఆయన మోచేతి దగ్గర ఒక ఆడపిల్ల, నవ్వమని చెప్పినా నవ్వనట్టుంది, నేరుగా చూస్తోంది. ఆ చూపు నేను చిన్నప్పటినుంచీ ఎరుగుదును. ఎదుటివాళ్ళు చెప్పేది పూర్తయ్యేదాకా ఆగి, ఆ తర్వాత కూడా ఒప్పుకోని చూపు. ఆ పిల్ల మా అక్క మనవరాలు ప్రసన్న. అక్కను సమాధి చేసి నెల తిరగలేదు. ఆమె చూపు ఇలా సిమెంటు ప్రకటనకూ బంగారం తాకట్టు ప్రకటనకూ మధ్య వేలాడుతూ కనిపిస్తుందని నేను అనుకోలేదు. ఆ నీడలోనే నిలబడి, విడవలూరు బస్సు వస్తే ఎక్కాను.

మా పాలెం విడవలూరు దాటి సముద్రం వైపు పోతే వస్తుంది. వరి మళ్ళు చాలావరకు రొయ్యల గుంటలయ్యాయి. అక్క కొడుకు శామ్యూల్ ఆ గుంటల దగ్గరే కాపలా ఉంటాడు. కూడికలో పాస్టరు గారు అక్కను గురించి మాట్లాడుతూ, "చదువు లేకపోయినా భక్తి గల తల్లి" అన్నారు. నా పక్కన కూర్చున్న పోలమ్మ అందరికీ వినపడేలాగే, "చదువు లేదంట! నన్ను పాస్ చేయించిందే అది," అన్నది. పోలమ్మ మా సంఘం మనిషి కాదు. ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పాలెంలో పుట్టి, అంగన్‌వాడీలో ఆయాగా పనిచేసి దిగిపోయిన మనిషి. అక్కకు బతికినంత కాలం స్నేహితురాలు. పాస్టరు గారు ఆ మాటను దుఃఖంలో అన్నదిగా తీసుకుని ప్రార్థన ముగించారు. కానీ అది దుఃఖంలో అన్నది కాదు, జరిగిన విషయం.

భోజనాలయ్యాక శామ్యూల్ నా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. ప్రసన్నకు దూరంగా ఒక ప్రభుత్వ గురుకుల జూనియర్ కాలేజీలో సీటు వచ్చింది. వారం లోపల టి.సి. తీసుకుని పోయి చేరాలి. టి.సి. మాత్రం ఆ ఫ్లెక్సీ బడి వాళ్ళు ఇవ్వడం లేదు. కరస్పాండెంటు గారు బడి పై అంతస్తులో కొత్తగా జూనియర్ కాలేజీ పెడుతున్నారు. దానికి ముందుగా ఒక మంచి విద్యార్థిని కావాలి.

"ఫీజు వద్దంటుండాడు మామా," అన్నాడు శామ్యూల్. "బస్సు వాళ్ళదే, పుస్తకాలు వాళ్ళవే. ఈడే ఉంటే బాగా చదువుద్దని సారే చెప్పినాడు."

వాకిట్లో గిన్నెలు కడుగుతున్న ప్రసన్న తల తిప్పకుండానే అన్నది: "ఆడ ఫిజిక్స్ సార్ లేడు తాతా. వారానికొకసారి నెల్లూరు నుంచి వస్తాడంట. ల్యాబు అని బోర్డు పెట్టిన గదిలో పగిలిపోయిన కుర్చీలు ఉండాయి."

"పెద్దోళ్ళు మాట్లాడేటప్పుడు నీకెందుకు మే? సార్‌కు తెలియదా?"

పోలమ్మ వక్క కొరుకుతూ శామ్యూల్ వైపు చూసింది. "మీ తాత గూడా ఇదే మాటన్నాడు నాయనా, మీ అమ్మ విషయంలో. సారే చెప్పినాడు గదా అని."

ఆ మాటతో నాకు మా తాటాకు ఇల్లు గుర్తుకొచ్చింది.

తెల్లారేసరికి అమ్మ పొయ్యిలో సరుగుడాకు వేసి ఊదేది. ఆ పొగకు ఒక రకమైన పులుపు వాసన. దానితో కలిసి చూరుకు వేలాడే ఎండుచేపల వాసన, కాలవలో దిగి వచ్చిన నాయన తడి పంచె వాసన. ఇంటికి ఇంకో వాసన ఉండొచ్చని నాకు చాలాకాలం తెలియదు. రాత్రి నీళ్ళు పోసిన కూడు, ఉప్పుగల్లు, నిప్పుల మీద కాల్చిన చేపముక్క. అమ్మ మాకు పెట్టి తాను నిలబడే తినేది, నాటుకు పోయేవాళ్ళ గుంపు వెళ్ళిపోతుందని. నాయన ఇంకొకరి పొలానికి నీళ్ళు కట్టేవాడు. తక్కువ మాట్లాడేవాడు. గడ్డం శనివారం సాయంత్రం మాత్రమే గీయించుకునేవాడు, మరునాడు చర్చికి పోవాలి కాబట్టి. వారం మధ్యలో ఎప్పుడన్నా నున్నటి గడ్డంతో కనిపించాడంటే ఆ రోజు బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని అర్థం. దేవుడి తర్వాత నాయన గడ్డం గీయించుకున్నది ఇన్‌స్పెక్టరు కోసమే.

బడి అంటే ఒక గది, ఒక అయ్యవారు, ఐదు తరగతులు. ఒకటో తరగతి వాకిలి దగ్గర, ఐదో తరగతి వెనక గోడ దగ్గర. పాసవడమంటే వాకిలి నుంచి గోడ వైపు జరగడం. కోటయ్య అయ్యవారు కోవూరు నుంచి సైకిలు మీద వచ్చేవారు. చెడ్డవారు కాదు. ఎవరినీ కొట్టేవారు కాదు, కొట్టాలంటే లేవాలి. రాగానే చొక్కా విప్పి కిటికీ పక్క మేకుకు తగిలించి, బల్ల మీద చేతులు మడిచి తల పెట్టేవారు. ఊళ్ళోవాళ్ళు దారిన పోతూ కిటికీలో చొక్కా ఉందా లేదా చూసుకునేవారు. చొక్కా ఉంటే బడి ఉన్నట్టే. అంత దూరం సైకిలు తొక్కి వచ్చి, ఐదు తరగతులకు ఒక్కడే పాఠాలు చెప్పాలంటే ఎవరైనా ముందు తల పెట్టి ఆలోచించాల్సిందే. ఆయన జీవితాంతం ఆలోచించారు. పాఠాలు మా అక్క చెప్పేది.

అక్క గోడ దగ్గర కూర్చునేది. ఐదో తరగతిలో ఆమె ఒక్కతే. పలకలు దిద్దించడం, ఎక్కాలు చెప్పించడం, ముక్కు కారేవాళ్ళ ముక్కు తుడవడం అన్నీ ఆమెవే. ఆ పనులు అయ్యాక మిగిలిన సమయంలో బడిలో ఉన్న పుస్తకాలు చదివేది. కొద్ది పుస్తకాలే కాబట్టి అన్నీ నోటికి వచ్చేశాయి. ఏది అడిగినా చెప్పేది. మా బడి నాణ్యత అంతా ఆమె నోట్లో ఉండేది.

ఆ నాణ్యతను పై అధికారులు కొలవడానికి వచ్చే రోజు ఊళ్ళో హడావుడి. మా బడి హాజరు పట్టీలో ఉన్న పేర్లలో సగంమంది నాట్లకూ మేకల వెంటా పోయేవాళ్ళు. ఒడ్డున ఉన్న పాలెం బడి పరిస్థితీ అంతే. అక్కడి పిల్లలు ఇసుకలో చేపలు ఎండేస్తుండేవాళ్ళు. అందుకని ఇద్దరు అయ్యవార్లూ, పెళ్ళివాళ్ళు గుండిగలు అరువు తెచ్చుకున్నట్టు, పిల్లలను అరువు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు. పొద్దున వాళ్ళ పిల్లలు మా బడికి వచ్చేవాళ్ళు. మధ్యాహ్నం మేమందరం వాళ్ళ బడికి పోయేవాళ్ళం. మధ్యలో ఇన్‌స్పెక్టరు గారికి ప్రెసిడెంటు ఇంట్లో భోజనం. చేపల పులుసు, పీతలు, వేయించిన రొయ్యలు. ఆ తర్వాత మంచం. ఆయన బండి కాలవ కట్ట మీద చుట్టూ తిరిగి రావాలి. మాకు సరుగుడు తోపులో అడ్డదారి ఉండేది. ఆయన ఎంతసేపు నిద్రపోతే మా తీరంలో చదువు అంత బాగా వ్యాపించేది.

తోపు మధ్యలో ఆడపిల్లలు ఆగి జడలు మార్చుకునేవాళ్ళు. రెండు జడలవాళ్ళు ఒకటి వేసుకునేవాళ్ళు. అందరికీ ఒకటే దువ్వెన, ఒకటే కొబ్బరినూనె సీసా. పేర్లు కూడా అక్కడే మారేవి. ఒడ్డు బడిలో మా అక్క పేరు పోలమ్మ. మొదటిసారి ఆ సంగతి తెలిసి నాయన కంగారుపడి పాస్టరు గారి దగ్గరకు పోయాడు: "నా బిడ్డను అమ్మవారి పేరుతో పిలుస్తుండారంటయ్యా. ఏమన్నా దోషమా?" పాస్టరు గారు కాసేపు ఆలోచించి, ప్రభుత్వపు పని మీద పిలిస్తే దోషం లేదని చెప్పారు.

అసలు పోలమ్మ ఆ సమయానికి బడి బయట ఇసుకలో చేపలు తిరగేస్తూ, కాకుల్ని తోలుతూ ఉండేది. అక్క లోపలికి పోతుంటే కేకేసేది: "బాగా చెప్పు మే! నా పేరు పోగొట్టబాక!"

ఒకసారి ఇన్‌స్పెక్టరు గారు అక్కను తేరిపార చూసి, "ఈ పిల్లను ఎక్కడో చూసినట్టుందే" అన్నారు. ఒడ్డు బడి అయ్యవారు తడుముకోలేదు. "ఈ ఎండకు అందరూ ఒకే రంగు తేల్తారు సార్," అన్నారు. ఇన్‌స్పెక్టరు గారు చేతిరుమాలుతో మెడ తుడుచుకుని ఒప్పుకున్నారు.

ఐదో తరగతి అయినవాళ్ళు బడి వదిలి పోవాలి కదా. అక్క పోలేదు. "నువ్వు పోతే ఇన్‌స్పెక్టరుకు ఎవురు చెప్తారమ్మా? ఈ ఏడాదికి ఉండు," అన్నారు కోటయ్య అయ్యవారు. ఆ మరుసటి ఏడాదీ అదే మాట, పట్టీలో ఆమె ఇంకా ఐదులోనే. ఆయన గొంతులో నిజమైన గౌరవం ఉండేది. అక్క గోడకు ఆనుకుని అలాగే ఉండిపోయింది. నేను వాకిలి నుంచి జరిగి జరిగి ఆమె పక్కకు వచ్చాను.

ఆ రోజుల్లో మా సంఘం నుంచి ఒక పిల్లవాడినో పిల్లనో నెల్లూరులో మిషను వాళ్ళ హాస్టలుకు పంపే వీలుండేది. పాస్టరు గారు అడగడానికి బడికే వచ్చారు. నేను అక్కడే ఉన్నాను. "ఎస్తేరును పంపుదామా అయ్యవారూ?" అన్నారు. కోటయ్య అయ్యవారు బల్ల మీదనుంచి తలెత్తారు. "అమ్మో, అది లేకపోతే బడి మూసుకోవాల. కావాలంటే ఆ అబ్బయ్యను తీసకపోండి. వాడు ఉన్నా పోయినా మాకు తేడా లేదు." ఆ యోగ్యత మీద నేను నెల్లూరు చేరాను.

అక్కడ ఒక్కో పాఠానికి ఒక్కో అయ్యవారు ఉండేవారు. మొదటి వారం నాకు అది దుబారాగా తోచింది. గంట కొట్టగానే ఒకరు పోయి ఇంకొకరు వచ్చేవారు, చొక్కాలు విప్పేవాళ్ళు కాదు. సైన్సు గదిలో స్పిరిటు దీపం వాసన, నిజంగా రంగు మారే సీసాలు. తాళం తీసే బీరువాలో పుస్తకాలు. అర్థం కాలేదంటే రెండోసారి చెప్పేవాళ్ళు, మూడోసారి కూడా చెప్పేవాళ్ళు. నా తెలివి ఏమీ పెరగలేదు. మూడుసార్లు చెప్పేవాళ్ళు దొరికితే నాలాంటి వాడికి కూడా అర్థమవుతుందని తేలింది, అంతే. ఆ తర్వాత పరీక్షలు ఒకదాని వెంట ఒకటి పాసయ్యాను, కాలేజీకి పోయాను, కాలేజీలోనే లెక్చరర్‌గా రిటైరయ్యాను. చాలా సన్మానాల్లో నా స్వయంకృషిని పొగిడారు.

సెలవులకు ఇంటికి వస్తే అక్క ముందు నా పెట్టె తెరిచేది. నేను తిన్నానా, చిక్కానా అన్నది అమ్మ చూసుకునేది. అక్క పుస్తకాలు తీసుకుని గోడ నీడలో కూర్చునేది. సాయంత్రానికి ప్రశ్నలతో వచ్చేది. "ఇది ఇట్లా ఎందుకు అయింది రా? మీ సార్ చెప్పలేదా?" సార్ చెప్పారు; అది నాకు పరీక్షదాకా గుర్తుంటే చాలనుకునేవాణ్ణి. అక్క నా ముఖం చూసి పుస్తకం మూసి, బియ్యం ఏరడానికి పోయేది.

ఇలా ఉండగా ఆమెకు ఒక ఆలోచన వచ్చింది. ఆమె చూసిన లోకంలో పనికొచ్చేవాళ్ళను ఉంచుకుంటారు, పనికిరానివాళ్ళను చదువుకు పంపుతారు. నన్ను పంపారు, ఆమెను ఉంచారు. ఆమె తర్కంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కాబట్టి నెల్లూరు పోవాలంటే పనికిరాకుండా పోవాలి. వచ్చే ఏడు ఆడపిల్లల హాస్టలుకు ఒకరిని పంపుతామని పాస్టరు గారు అనడం ఆమె విన్నది.

నేను క్రిస్మస్ సెలవులకు వచ్చి ఉన్నాను. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని నాయన గడ్డం గీయించుకున్నాడు. ఊళ్ళో ఉన్న తలకాయ ఏదీ వృథా పోకూడదు కాబట్టి నన్ను కూడా మూడో తరగతిలో కూర్చోబెట్టారు. ఇన్‌స్పెక్టరు గారు నేరుగా గోడ దగ్గరకు వచ్చి, "నెల్లూరు ఏ నది ఒడ్డున ఉందమ్మా?" అన్నారు.

"గోదావరి సార్."

కోటయ్య అయ్యవారు అంత నిటారుగా నిలబడటం నేను అంతకు ముందు చూడలేదు. "బాగా ఆలోచించి చెప్పమ్మా ఎస్తేరూ," అన్నారు.

అక్క బాగా ఆలోచించింది. "గోదావరే సార్."

మధ్యాహ్నం ఒడ్డు బడిలో ఇన్‌స్పెక్టరు గారు, పొద్దుటి దిగులుతోనే కాబోలు, అదే ప్రశ్న వేశారు. పోలమ్మ పేరుతో ఉన్న మా అక్క లేచి, పెన్నా అని చెప్పి, అడక్కుండానే అది ఎక్కడ పుట్టి ఏ ఊళ్ళ పక్కగా పారి ఎక్కడ సముద్రంలో కలుస్తుందో కూడా చెప్పింది. తిరిగి వచ్చేటప్పుడు తోపులో అడిగాను, పొద్దున అట్లా చెప్పి ఇప్పుడు ఇట్లా ఎందుకు చెప్పావని. రెండు జడలు విప్పుకుంటూ అన్నది: "ఆడ నేను పోలమ్మను గదరా. దాని పేరెందుకు పోగొట్టేది?"

అంతకు ముందు, మేమింకా ఒడ్డు బడి దగ్గర ఉండగానే, ఇన్‌స్పెక్టరు గారు ఇద్దరు అయ్యవార్లనూ పిలిచి ఊరి పెద్దల ఎదుట ఉపన్యాసం ఇచ్చారు. "ఒకటే ఎండ, ఒకటే నీళ్ళు, ఒకటే ఈడు పిల్లలు. అక్కడి పిల్లకు ఇంటిముందు నది పేరు తెలియదు. ఇక్కడి పిల్లకు ఆ నది పుట్టుక కూడా తెలుసు. తేడా ఎక్కడుంది? బోధనలో ఉంది." అందరూ తలలూపారు. నాయన కూడా ఊపాడు. తేడా ఉన్న ఆ ఒక్క పిల్ల నా పక్కన నిలబడి కాలిబొటనవేలితో ఇసుక గీస్తోంది.

ఆ తర్వాత జరిగినదంతా నిబంధనల ప్రకారమే జరిగింది. బాగా బోధించే అయ్యవారు అలాంటి మారుమూల ఉండకూడదని ఒడ్డు బడి ఆయనను పట్టణానికి మార్చారు. బాగా బోధించని కోటయ్య అయ్యవారిని ఇంకా మారుమూల మెట్టప్రాంతానికి మార్చారు. కొత్తవాళ్ళు వచ్చేదాకా రెండు బడులకూ తాళాలు. పోలమ్మ ఐదో తరగతి పాసయింది. ఎస్తేరు తప్పింది. పాస్టరు గారు, "ఐదు తప్పిన పిల్లను హాస్టలువాళ్ళు ఎట్లా చేర్చుకుంటారమ్మా," అని నిజంగానే బాధపడ్డారు. కావాలనే తప్పు చెప్పానని అక్క నాయనకు చెప్పింది. నాయన చాలాసేపు గడ్డం తడుముకున్నాడు.

"పెన్నా అని తెలిసి గూడా తెలియదని ఎవురన్నా చెప్తారా బిడ్డా? ఇన్‌స్పెక్టరే చెప్పినాడు గదా, నీకు రాలేదని. ఆయనకు తెలియదా?"

మరుసటి వారం నుంచి అక్క అమ్మతో నాటుకు పోయింది. గోడ దగ్గర కూర్చున్నంత సహజంగా బురదలో వంగింది. పెళ్ళయ్యాక, పిల్లవాడు పుట్టాక, మగడు పోయాక, రొయ్యల కంపెనీ షెడ్డులో తలలు తీసే పనికి కుదిరింది. ఐసులో చేతులు పెట్టి రోజంతా నిలబడే పని. వేళ్ళ చివరలు తెల్లగా నాని ముడతలు పడి ఉండేవి. ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన పోయేది కాదు. రొయ్యలు వచ్చిన రోజు కూలి, రాని రోజు లేదు. పోలమ్మకు మాత్రం ఐదు పాసయిందన్న కాగితం ఉంది కాబట్టి అంగన్‌వాడీలో ఆయా పని వచ్చింది. నెలనెలా జీతం. ఆ పనిలో తాను సంతకం చేయడం నేర్చుకున్నది కూడా మా అక్క దగ్గరే. జీతం అందిన రోజు మైసూరుపాకు పొట్లంతో మా అక్క గడప ముందు నిలబడి, "మే ఎస్తేరూ, నీ జీతం వచ్చింది, రా!" అని కేకేసేది. ఇద్దరూ కూర్చుని అది తిని, ఊపిరాడనంతగా నవ్వుకునేవాళ్ళు. అందులో నవ్వడానికి ఏముందో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు. నేను అక్కడ ఉన్నప్పుడు నాకూ ఒక ముక్క పెట్టేవాళ్ళు.

కాలేజీలో పనిచేసిన కాలంలో నేను ఒక విద్య నేర్చుకున్నాను. పిల్లలు తరగతిలో ఎక్కడ కూర్చున్నారో చూసి, ఏ బడి నుంచి వచ్చారో చెప్పగలిగేవాణ్ణి. పట్టణం బడులవాళ్ళు ముందు బెంచీలు. తీరం నుంచి వచ్చినవాళ్ళు వెనక బెంచీ, అది కూడా వాకిలి దగ్గర. అసలు వచ్చేదే కొద్దిమంది. వర్షాలు తగ్గేసరికి వాళ్ళలోనూ సగం ఉండేవాళ్ళు కాదు. స్టాఫ్ రూములో టీ తాగుతూ మావాళ్ళు అనేవాళ్ళు, "ఆ ఊళ్ళవాళ్ళకు చదువు మీద ఆసక్తి ఉండదండీ, రక్తంలోనే లేదు." అలా అన్నవాళ్ళు పరిశోధనలు చేసి డాక్టరేట్లు తెచ్చుకున్నవాళ్ళు. మా ఇన్‌స్పెక్టరు గారు పరిశోధన లేకుండానే తేడా బోధనలో ఉందని కనుక్కున్నారు.

ఇప్పుడు మా పాలెం బడిని ఇంకో ఊరి బడిలో కలిపేశారు. ఆ గదిలో రొయ్యల మేత బస్తాలు ఉన్నాయి. కిటికీ పక్క మేకు అలాగే ఉంది, దానికి ఎవరిదో గొడుగు తగిలించి ఉంది. పొద్దున పసుపుపచ్చ బస్సు వచ్చి, మెడకు టై కట్టుకున్న పిల్లలను ఎక్కించుకుపోతుంది. అప్పట్లో పిల్లలను ఒక బడి నుంచి ఇంకో బడికి నడిపించేవాళ్ళు, ఇప్పుడు ఆ శ్రమ లేదు. ఒక్క ఫొటోను ఎన్ని ఫ్లెక్సీల మీదైనా వేసుకోవచ్చు.

టి.సి. కోసం నేనే వెళ్ళాను. కరస్పాండెంటు గారు కూల్‌డ్రింకు తెప్పించి ఆదరంగా మాట్లాడారు. "మీరు లెక్చరర్ చేసినవారు సార్, మీకు తెలియనిదేముంది. పాప మా ఇంటి బిడ్డ. టి.సి. కంప్యూటర్లోనే ఉంది. ఆపరేటరు సెలవులో ఉన్నాడు." ఎప్పుడు వస్తాడంటే, గురుకులంలో చేరడానికి ఆఖరి రోజు దాటిన తర్వాత వస్తాడని చెప్పారు. ఆపరేటర్ల విషయంలో ఆయనకు అంత ముందుచూపు ఉంది. ఆదివారం కోవూరులో కల్యాణ మండపంలో అడ్మిషన్ల సభ ఉందని, ప్రసన్న స్టేజీ మీద మాట్లాడుతుందని, నేను తప్పక రావాలని కూడా చెప్పారు.

పోయాము. నేను, శామ్యూల్, పోలమ్మ. మండపం నిండా రొయ్యల రైతులు, కూలి మానుకుని వచ్చిన ఆడవాళ్ళు, ఒడిలో పిల్లలు. ప్రతివాళ్ళ చేతిలో రంగుల కాగితం, తెరలు తెరలుగా బిర్యానీ వాసన. ప్రసన్నకు ఏం చెప్పాలో ముందే నేర్పించారు. కరస్పాండెంటు గారు మైకు పట్టుకుని అడిగారు: "చెప్పు ప్రసన్నా, నీ విజయానికి కారణం ఎవరు?"

ప్రసన్న మైకు తీసుకుంది. ఆయన చెప్పేది పూర్తయ్యేదాకా ఆగింది. ఆ తర్వాత కూడా ఆగింది.

"టి.సి. ఇస్తే చెప్తా సార్."

ముందు వరసలో ఎవరో నవ్వారు. కరస్పాండెంటు గారు కూడా నవ్వి జనం వైపు తిరిగారు. "చూశారా, ఎంత ధైర్యంగా మాట్లాడుతోందో! ఇదే మా శిక్షణ. సరే తల్లీ, నీ జీవిత లక్ష్యం ఏంటి?"

"టి.సి. సార్."

ఈసారి మండపమంతా నవ్వింది. నవ్వు తగ్గేలోపే పోలమ్మ కుర్చీలోనుంచి లేచింది. "ఇయ్యి నాయనా, బిడ్డ అడుగుతుండాది గదా! రేపు మా పిలకాయల్ని గూడా నీకాడ చేర్చినాక ఇట్లనే పట్టుకుంటావా ఏంది?"

నవ్వు ఆగిపోయింది. పక్కన కూర్చున్నవాళ్ళు చేతిలోని రంగుల కాగితం మడిచి పెట్టడం నేను చూశాను. ఒకరిద్దరు పిల్లలను చంకనెత్తుకున్నారు. శామ్యూల్ తల వంచుకుని కూర్చుని ఉన్నాడు. కాసేపటికి లేచాడు. "ఇప్పించండి సార్," అన్నాడు. మా ఇంట్లో ఒక మగవాడు ఒక సారును ఎదురుగా నిలబడి అడగడం అదే మొదటిసారి.

సెలవులో ఉన్న ఆపరేటరు స్టేజీ తెర వెనకనుంచే వచ్చాడు. చేతిలో టి.సి. కూడా ఉంది. కరస్పాండెంటు గారు దాన్ని బహుమతి ఇచ్చినట్టు ఇచ్చి ఫొటో దిగారు. అప్పుడు ప్రసన్న మైకు మళ్ళీ తీసుకుని, అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పింది: "మా అవ్వ సార్." అంతే చెప్పి దిగి వచ్చింది.

బస్సులో అడిగాను, అలా చేయమని ఎవరు చెప్పారని. "అవ్వే చెప్పింది తాతా, మంచంలో ఉన్నప్పుడు. 'ఒప్పు చెప్పి చూసినా, పంపలేదు. తప్పు చెప్పి చూసినా, పంపలేదు. నువ్వు రెండూ చెప్పబాక, ముందు నీక్కావాల్సింది అడుగు' అన్నింది." పోలమ్మ కిటికీ వైపు తిరిగి కొంగుతో ముఖం తుడుచుకుంది. రొయ్యల గుంటల గాలి కళ్ళు మండిస్తోందన్నది.

ప్రసన్నను సాగనంపడానికి విడవలూరుదాకా అందరం పోయాము. పోలమ్మ మైసూరుపాకు పొట్లం తెచ్చి సంచిలో పెట్టింది. "ఆడ ఎవురు పేరడిగినా నీ పేరే చెప్పు. నువ్వు ఎవురి బదులూ చెప్పబాక, నీ బదులు ఎవుర్నీ చెప్పనియ్యబాక." ప్రసన్నకు ఆ మాట అర్థమైందో లేదో, సరేనని తలూపింది. బస్సు కదిలాక పోలమ్మ చాలాసేపు అక్కడే నిలబడింది. పక్కన ఒక మనిషి నిలబడటానికి చోటు వదిలి నిలబడింది.

నేను మా ఇంటికి తిరిగి వస్తూ కోవూరులో మళ్ళీ దిగాను. ఫ్లెక్సీ కొత్తది. ప్రసన్న ఫొటో కొంచెం పెద్దదయింది, దాని కింద 'గురుకులంలో సీటు సాధించిన మా ఆణిముత్యం' అని రాసి ఉంది. రోడ్డుకు అవతల ఇంకో బడి వాళ్ళ ఫ్లెక్సీ ఉంది. ఆ బడిలో మా ప్రసన్న ఒక్క రోజు కూడా చదవలేదు. దాని మీద కూడా ప్రసన్నే ఉంది, జడ మాత్రం వేరు. ఏ పాత ఫొటో దొరికిందో మరి. అక్క ఉంటే పోలమ్మను పిలిచి చూపించేది, ఇద్దరూ రోడ్డు మీద నిలబడి నవ్వుకునేవాళ్ళు. నేను రెండు ఫ్లెక్సీలనూ మార్చి మార్చి చూశాను. ఇటూ అటూ ఆ పిల్ల నవ్వకుండా చూస్తోంది. కానీ ఆమె ఆ రెండు బడుల్లోనూ లేదు. ఈపాటికి ఎక్కడో దూరంగా, ఫిజిక్స్ సారు ఉన్న గదిలో కూర్చుని ఉంటుంది.